సంకల్పించిన ధనము దానమైనట్లేనా?

 

మా జహీరాబాదు పట్టణములో ఒక విశ్రాంత ఉపాధ్యాయులు ఉండెడివారు. ప్రతి కార్తిక సోమవారము ప్రదోషవేళకు ఆలయమునకు వచ్చి, అభిషేకానంతరము మండపములో కూర్చుండి, నన్ను ఒకే ప్రశ్న అడిగెడివారు: "అయ్యగారూ, నా బిడ్డ పెట్టిన పైసలు పుణ్యంల పడ్డట్టేనా?" నేనును ప్రతి సంవత్సరము ఒకే సమాధానము చెప్పెడివాడను: "సంకల్పమైనది కదా సారూ, ఇక సందేహమేల?"

ఆయన కుమార్తె, అల్లుడు అమెరికాలో ఉద్యోగులు. అల్లుడు పనిచేయు సంస్థ వాటాల విలువ ఒక ఏట విశేషముగా పెరిగినది. ఝరాసంగం, న్యాల్కల్, కోహీర్ మండలముల పల్లెల నుండి డిగ్రీ చదువుకు పట్టణమునకు వచ్చు ఆడపిల్లలకు వసతి కల్పించవలెనని సారుగారి చిరకాల వాంఛ. ఆ పని చేయుచున్న చిన్న ధర్మసంస్థ ఒకటి ఇక్కడ కలదు. తండ్రి కోరిక తీర్చదలచి కుమార్తె తమ ఆర్థిక సలహాదారును సంప్రదించినది. ఆయన సూచనమేరకు ఆ వాటాలను డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ అను నిధిలో సమర్పించినారు. ఆ ఏడు పన్ను తగ్గినది, నిధి పెట్టుబడిలో పెరిగినది. ఆరు సంవత్సరములు గడచినవి. వసతిగృహమునకు ఒక్క రూపాయియు చేరలేదు. సారుగారు శివసాయుజ్యము పొందినారు.

ద్వాదశాహము నాడు ఆ తల్లి నన్ను అడిగినది: "అయ్యగారూ, బాపు సంకల్పం నెరవేరినట్టేనా?" అప్పుడు నా నోట మాట రాలేదు. ఆరేండ్లు నేను చెప్పిన సమాధానము శాస్త్రమును విచారించి చెప్పినది కాదు, అలవాటుగా చెప్పినది. ఆ దోషము నాది. ఈ వ్యాసము ఆ తల్లికి ఆలస్యముగా ఇచ్చుచున్న సమాధానము. మన తెలుగువారిలో విదేశములలో స్థిరపడి ఇట్టి నిధులు కలిగినవారు అనేకులు. వారికిని, వారి ఆర్థిక సలహాదారులకును ఇది ఉపయోగపడునని నా విశ్వాసము.

ఈ నిధి స్వరూపము

ముందుగా విషయము తెలియవలెను. నేను దీనిని ఇకపై దాతృనిధి అని వ్యవహరింతును. అమెరికాలో ఈ పద్ధతికి మూలము 1931లో న్యూయార్క్ కమ్యూనిటీ ట్రస్టులో ఏర్పడిన నిధి యని చెప్పుదురు. 1991లో ఫిడెలిటీ చారిటబుల్ వంటి సంస్థ వెలసిన పిమ్మట ఇది పెట్టుబడి సంస్థల ద్వారా సామాన్య ఉద్యోగులకును అందుబాటులోనికి వచ్చినది. 2006లో చేసిన పింఛను చట్టములో దీనికి స్పష్టమైన చట్టనిర్వచనము లభించినది. నేడు ఇట్టి నిధులలోని మొత్తము ధనము 250 బిలియన్ డాలర్లకు పైబడినది.

పద్ధతి ఇది. దాత ధనమునో వాటాలనో ఒక ధర్మసంస్థకు సమర్పించును. ఆ సంస్థ దాత పేరిట ఒక ప్రత్యేక ఖాతా ఉంచును. సమర్పించిన సంవత్సరమే దాతకు పన్ను మినహాయింపు లభించును. పెరిగిన విలువగల వాటాలను అమ్మకయే సమర్పించినచో ఆ పెరుగుదలపై పన్ను కూడ పడదు. ఆ క్షణము నుండి ధనముపై చట్టరీత్యా స్వామ్యము సంస్థదే, దాత తిరిగి తీసికొనజాలడు. ఏ ధర్మసంస్థకు ఎంత గ్రాంటు ఇయ్యవలెనో సూచించు అధికారము మాత్రము దాతకు మిగులును.

ఇక్కడ గమనింపవలసిన అంశమొకటి కలదు. కుటుంబములు స్వయముగా స్థాపించుకొను ప్రైవేటు ఫౌండేషన్లు ప్రతి సంవత్సరము తమ ఆస్తిలో సుమారు 5 శాతమును ధర్మకార్యములకు వెచ్చించవలెనని అమెరికా చట్టము. దాతృనిధికి అట్టి నియమము లేదు. ధనము పదేండ్లున్నను, ఇరువదేండ్లున్నను చట్టము అడుగదు. మన దేశములో ధర్మసంస్థ తన ఆదాయములో 85 శాతమును ఆ సంవత్సరముననే వినియోగింపవలెను. అంతకు మించి నిలువచేయదలచినచో ప్రయోజనము ముందుగా ప్రకటించి, ఐదేండ్లలోపుననే వెచ్చింపవలెను. కాలమును గూర్చిన ఈ వ్యత్యాసమే మన విచారణకు ఆధారము.

శాస్త్రము ఏమనుచున్నది

మన జహీరాబాదుకు పశ్చిమముగా, బీదరు జిల్లాలో, బసవకల్యాణము కలదు. పూర్వము అది పశ్చిమ చాళుక్యుల రాజధాని కల్యాణి. ఆరవ విక్రమాదిత్యుని కాలమున అక్కడనే విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరా వ్యాఖ్యను రచించెను. మన ఇరుగుపొరుగున పుట్టిన ఆ గ్రంథము దానమునకు రెండు అంగములు చెప్పినది. దాత తన స్వత్వమును వదలుకొనుట మొదటిది. పరుని స్వత్వము ఉత్పన్నమగుట రెండవది. ఆ రెండవది ప్రతిగ్రహీత స్వీకరించినప్పుడే పూర్తియగును. ఆ స్వీకారము మానసికము, వాచికము, కాయికము అని త్రివిధము.

వంగదేశీయుడైన జీమూతవాహనుడు తన దాయభాగములో వేరొక మార్గము చెప్పెను. దాత త్యాగము చేసిన క్షణముననే దానము సిద్ధించునని ఆయన మతము. నేను సారుగారికి ఆరేండ్లు చెప్పినది తెలియకయే జీమూతవాహనుని పక్షము. కాని మన దక్షిణాపథమున వ్యవహారమునకు ప్రమాణము మితాక్షర. దాని ప్రకారము ఆ ఆడపిల్లల చేతికి అందని ధనము, సారుగారి మనస్సులోని దానదృష్టితో చూచినచో, సగము దానమే.

నిధిని వహించు సంస్థ స్వీకరించినది కదా, స్వీకారము జరిగినట్లే కదా అని కొందరు వాదింపవచ్చును. చట్టదృష్టితో అది నిజము. ధర్మదృష్టితో ఆ సంస్థ పాత్రము కాదు, పాత్రమునకు చేర్చుటకై ధనమును పట్టుకొన్న న్యాసధారి. ఇల్లు వదలి ప్రయాణమగు వ్యక్తి తన సొమ్మును పొరుగువారికి అప్పగించినచో, పొరుగువారు ధనవంతులైనారని ఎవరును అనరు.

వాగ్దానము చేసినదానిని ఇయ్యవలెననియు, ఇచ్చినదానిని తిరిగి హరింపరాదనియు యాజ్ఞవల్క్యుడు ఒకేచోట విధించెను. దాతృనిధి చట్టము ఈ రెండింటిలో రెండవదానిని మాత్రమే కాపాడుచున్నది. ఇచ్చినది తిరిగి పుచ్చుకొనుట అసాధ్యము చేసినది. ఇయ్యవలసినది ఇచ్చితీరవలెను అను మొదటిదానిని దాత మనస్సాక్షికి వదలివేసినది. చట్టము వదలిన ఆ భాగమును ఎవరు పూరింపవలెను? ఆర్థిక సలహాదారు పూరింపవలెనని నా అభిప్రాయము.

నిధి దోషము కాదు, విలంబము దోషము

ఇంతమాత్రమున దాతృనిధిని నిందింపరాదు. ఇట్టి నిధులన్నింటిని సమష్టిగా చూచినచో ఏటేటా అయిదవ వంతుకు మించి ధనము ధర్మసంస్థలకు చేరుచున్నది. ఆదాయము అధికముగా వచ్చిన ఏడు త్యాగము చేసి, పాత్రమును నిదానముగా విచారించుట వివేకమే. పేరు వెల్లడి కాకుండ ఇచ్చు అవకాశము గుప్తదానమునకు అనుకూలము. అయితే సమష్టి లెక్క ఒక్కొక్క ఖాతా కథను చెప్పదు. చురుకైన ఖాతాల వెనుక నిద్రించు ఖాతాలు కనబడవు. సారుగారి కుమార్తె ఖాతా అట్లే ఆరేండ్లు నిద్రించినది.

ధనమును మూలముగా నిలిపి, దాని ఫలముతో ధర్మము నడుపుట మనకు క్రొత్త కాదు. 1261 నాటి మల్కాపురం శాసనము చూడుడు. కాకతీయ రుద్రమదేవి కాలమున విశ్వేశ్వర శివాచార్యులకు సమర్పించిన గ్రామముల ఆదాయము ఆలయమునకు, మఠమునకు, విద్యాశాలకు, అన్నసత్రమునకు, ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు ఎట్లు చెందవలెనో ఆ శాసనము వివరించినది. విజయనగర కాలమున తిరుమలలో దాతలు శ్రీభండారములో ద్రవ్యము సమర్పించినప్పుడు, దేవస్థానము దానితో తన గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించి, అధికమైన పంటతో స్వామికి నైవేద్యములు జరిపించెడిది. నివేదించిన ప్రసాదములో నాలుగవ వంతు దాత భాగము. ఆ భాగమును తాను అనుభవింపవచ్చును, ఇతరులకు చెందునట్లు ఏర్పాటును చేయవచ్చును. నేటి దాతృనిధిలో దాతకు మిగిలిన సూచనాధికారమునకు ఇది పూర్వరూపమువలె తోచును.

అయితే ఆ శాసనములలో ఒక లక్షణము సర్వత్ర కనబడును. ఏ నైవేద్యము, ఏ తిథిని, ఎంత పరిమాణములో, ఎవరికి అని అంతయు శిలపై చెక్కబడినది. మూలధనము కదలకుండిన మాట నిజమే, కాని ఫలము ఏటేటా కదలినది. ధనము నిలిచినను ధర్మము నిలిచిపోలేదు. నేటి ఖాతాలో లోపించినది ఆ తిథి.

సలహాదారు పురోహితుని వంటివాడు

సంకల్పము చెప్పించునప్పుడు పురోహితుడు ఏమి అడుగును? దేశము, కాలము, గోత్రము, నామము, ద్రవ్యము, ప్రయోజనము. కృష్ణా గోదావరుల నడుమ ఉన్న మనము మన చోటును చెప్పుకొని, నేటి తిథివారనక్షత్రములు చెప్పుకొని, తరువాతనే నీరు వదలుదుము. గ్రాంటు సూచించు పత్రమును ఆ తల్లి నాకు తన ఫోనులో చూపినప్పుడు ఆశ్చర్యపడితిని. దాత నామము, మొత్తము, గ్రహీత సంస్థ, ప్రయోజనము, పేరు వెల్లడింపవలెనా వలదా అని అందులో అడుగులు. అది సంకల్పపత్రమే! దానిని పూరింపజేయువాడు పౌరోహిత్యము చేయుచున్నట్లే. కనుక పురోహితునికి ఉన్న బాధ్యత అతనికిని కలదు.

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో స్నాతకునికి ఆచార్యుడు దానవిధిని ఉపదేశించుచు శ్రద్ధ, శ్రీ, హ్రీ, భీ, సంవిత్తు అను ఐదు భావములను చెప్పెను. ఈ ఐదును నేటి సలహాదారునకు ఐదు ప్రశ్నలుగా మారును.

శ్రద్ధ: ఈ ధనము ఎవరికొరకు? పన్ను లెక్క వేయుటకు ముందే ఈ ప్రశ్న అడుగవలెను. సారుగారి కుటుంబమును ఎవరును అడుగలేదు. అడిగియున్నచో "మా ఊరి ఆడపిల్లలకు" అని ఒక్క మాటలో చెప్పియుందురు.

శ్రీ: శక్తికి తగినట్లు, సమృద్ధిగా ఇచ్చుచున్నారా? ఖాతా పెరిగినకొలది గ్రాంటు కూడ పెరుగవలెను. నిధి రెట్టింపై, గ్రాంటు శూన్యమైనచో ఆ సమృద్ధి ఎవరిది?

హ్రీ: ఇచ్చుటలో వినయము కలదా? దానమునకు ప్రతిఫలము ఆశింపరాదు. ప్రత్యుపకారము చేయజాలని వానికి ఇచ్చునదే సాత్త్వికమని భగవద్గీత పదునేడవ అధ్యాయము. ఆశ్చర్యమేమనగా అమెరికా చట్టము కూడ ఇదే మార్గమున నడచుచున్నది. దాతృనిధి గ్రాంటుకు బదులుగా దాత విందు టికెట్టు వంటి విలువగల ప్రయోజనము పొందరాదు. నిధి నుండి ఒక వ్యక్తికి నేరుగా ఇచ్చుటకును వీలు లేదు. మేనల్లుని వేదపాఠశాల ఖర్చు ఈ నిధి నుండి కట్టుదమనుకొన్నచో కుదరదు. పాఠశాలకు, అందరు విద్యార్థులకు చెందునట్లు ఇయ్యవలెను.

భీ: ధర్మభయము, చట్టభయము రెండును వలయును. దీనిని గూర్చి క్రింద వివరించెదను.

సంవిత్తు: తెలిసి ఇయ్యవలెను. గ్రహీత నిజముగా పనిచేయుచున్నదా, లెక్కలు చూపుచున్నదా, ధనము స్వీకరించుటకు అర్హత కలదా అని విచారింపవలెను.

సముద్రము దాటునప్పుడు

సారుగారి కథలో ముడి పడినది ఇక్కడనే. అమెరికా దాతృనిధి నుండి భారతదేశమునకు ధనము రావలెనన్న రెండు మార్గములు. మన దేశములో సేవ చేయుచున్న అమెరికా ధర్మసంస్థకు గ్రాంటు ఇచ్చుట ఒకటి. నేరుగా ఇక్కడి సంస్థకు ఇచ్చుట రెండవది. రెండవ మార్గములో ఇక్కడి సంస్థ అమెరికా ధర్మసంస్థతో సమానమని నిధి సంస్థ నిర్ధారించుకొనవలెను, లేదా ధనము వ్యయమైన తీరుకు తాను బాధ్యత వహించి లెక్కలు తెప్పించుకొనవలెను. అన్ని నిధి సంస్థలు ఈ శ్రమకు పూనుకొనవు.

ఇటువైపున విదేశీ విరాళముల నియంత్రణ చట్టము కలదు. 2010 నాటి ఈ చట్టము ప్రకారము నమోదు గాని, ప్రభుత్వ పూర్వానుమతి గాని పొందిన సంస్థయే విదేశీ ధనము గ్రహింపవలెను. 2020 సవరణ పిమ్మట ఆ ధనము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావలెను. పరిపాలన వ్యయము 20 శాతమును మించరాదు. ఒక సంస్థ పుచ్చుకొని మరియొక సంస్థకు బదిలీ చేయుటకు వీలు లేదు. కావున "నమోదైన పెద్ద సంస్థకు ఇచ్చి, వారి ద్వారా మన ఊరి చిన్న సంస్థకు ఇప్పింతము" అను ఉపాయము నేడు చెల్లదు. మా వసతిగృహ సంస్థకు ఆ నమోదు లేదు. ఆరేండ్ల పిమ్మట గాని ఈ సంగతి ఎవరికిని తెలియలేదు.

ఇంకొక సూక్ష్మము. భారత పౌరసత్వము కలిగి విదేశమున ఉన్నవారు తమ స్వార్జితము నుండి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళము కాదు. విదేశ పౌరసత్వము పొందినవారు పంపినది, వారు మన జన్మభూమివారైనను, విదేశీ విరాళమే. దాతృనిధి విదేశసంస్థకు చెందినది. కనుక సూచించినవారు భారత పౌరులైనను, దాని నుండి వచ్చునది విదేశీ విరాళమే. ఆ తల్లికి ఇంకను మన పాస్‌పోర్టే కలదు. తన జీతము నుండి నేరుగా పంపియున్నచో ఏ ఆటంకమును లేకయే వసతిగృహమునకు చేరెడిది. మొత్తము వాటాలను నిధిలో వేయుటకు ముందు "ఈ ధనము ఏ ఊరికి పోవలెను?" అని ఒక్క ప్రశ్న వేసియున్నచో, కొంత నిధికి, కొంత నేరుగా అని విభజించియుందురు. దేశము తెలియక కాలము నష్టమైనది.

ఒక అప్రియ సత్యము

కొన్ని నిధి సంస్థలు దాత స్వంత సలహాదారునే ఆ నిధి పెట్టుబడికి నిర్వాహకునిగా అంగీకరించును. అతని రుసుము నిధి మొత్తముపై శాతముగా లెక్కింపబడును. అప్పుడు ధనము పాత్రమును చేరినకొలది అతని రుసుము తగ్గును. నేను ఎవరిని శంకించుట లేదు. ఆలయమున దక్షిణ పుచ్చుకొనువాడను నేను, రుసుము పాపమనను. కాని దానము ఆలస్యమగుటలో తనకు లాభమున్నప్పుడు ఆ మాట దాతకు ముందుగా చెప్పుట ధర్మము. అట్లు చెప్పినవాడు దాతను పోగొట్టుకొనడు. దాత కుటుంబమే తరతరములు అతనిని విశ్వసించును.

సలహాదారులకు నా విన్నపము మూడు మాటలు. నిధి తెరచిన రోజుననే మొదటి గ్రాంటునకు తిథి నిర్ణయింపజేయుడు. ప్రతి సంవత్సరము తండ్రి తిథియో, ఉగాదియో, దాతకు ప్రియమైన ఒక రోజున ఖాతా తెరచి చూపి, ఇంత భాగము ఈ ఏడు కదలవలెనని గుర్తుచేయుడు. దాత మరణానంతరము ఖాతాపై సూచనాధికారము ఎవరిదో వ్రాయించుడు. సంతానము లేని ఖాతా అనాథ కాకూడదు.

ఆలయములకు, ధర్మసంస్థలకు కూడ ఒక మాట. పాత్రత మనలో ఉండవలెను. లెక్కలు శుభ్రముగా ఉంచి, నమోదులు సకాలమున చేయించి, పుచ్చుకొన్న రూపాయికి రసీదు, చేసిన పనికి లేఖ పంపుట మన విధి. దాత ఆలస్యము చేసెనని నిందించుటకు ముందు, మనము స్వీకరించుటకు సిద్ధముగా ఉన్నామా అని చూచుకొనవలెను.

సమాధానము

సారుగారి సాంవత్సరికమునకు ఆ తల్లి వచ్చినది. నిధిలోని ధనము, విదేశీ విరాళములు స్వీకరించు నమోదు కలిగి, పల్లె ఆడపిల్లల విద్యకై తానే పనిచేయుచున్న వేరొక సంస్థకు గ్రాంటుగా చేరినది. మా పట్టణపు వసతిగృహమునకు తన జీతము నుండి నెలనెల పంపుచున్నది. అక్కడి పిల్లలు పది మంది కలసి వ్రాసిన లేఖను తండ్రి చిత్రపటము ముందు ఉంచినది. "అయ్యగారూ, ఇప్పుడు చెప్పుండ్రి" అన్నది.

ప్రతిగ్రహీత స్వీకారము వాచికముగా, కాయికముగా నా కన్నుల ముందు ఉన్నది. "అయినదమ్మా, ఈ రోజు అయినది" అంటిని. సారుగారు వినియుందురా అని నన్ను అడుగకుడు. బ్రతికి ఉన్నప్పుడే వినిపింపవలసిన మాట అది.

మీ పేరిట ఒక నిధి ఉన్నచో, ఈ పూటయే తెరచి చూడుడు. మీ సంకల్పము ఎవరి చేతిలోనికి చేరుటకై ఎదురుచూచుచున్నదో ఆ పేరు వ్రాయుడు. దాని ప్రక్కన ఒక తిథి వ్రాయుడు.

స్వస్తి.